అక్కా, నాకేమీ రాదు!

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. అవధి, ప్రమేయం, అవకలనం అంటూ చదివి లెక్కల్లో 75కి 70 తెచ్చుకున్నదాన్ని. బీటెక్‌లో సారు అవే లెక్కలు ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే, వెనక బెంచీలో తల ఊపుతూ కూర్చున్నాను. అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ మరి!

ఎం-1 పోయింది. ఇంట్లో పది రోజులు దాచాను. చివరికి ఫోన్లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "సప్లీకి ఎంత కట్టాలమ్మా?" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే హాస్టల్లో పక్క గది సీనియర్ అక్క తలుపు తట్టాను. "అక్కా, నాకేమీ రాదు. మొదట్నుంచీ చెప్పవా?" ఈ ఒక్క మాట అనడానికి ఏడు నెలలు పట్టింది నాకు. అక్క నవ్వి, తన ఫస్టియర్ నోట్సు తీసింది. మార్జిన్ల నిండా తెలుగే!

సప్లీలో గట్టెక్కాను. నాన్నకు చెబితే, "కట్టిన ఫీజు గిట్టుబాటయింది" అన్నాడు.