బాపు ఇచ్చిన బాట

భివండీ కనేరిలో మా బాపు 1979లో కొన్న స్థలం ఒకటి ఉండేది. ఒకవైపు ఎనిమిది సాంచాల కార్ఖానా, పక్కన ఖాళీ జాగా. సిరిసిల్ల నుంచి వచ్చిన మా కుటుంబానికి అన్నం పెట్టింది అదే. బాపు పోయిన రెండేళ్లకు, 2018లో, అన్నదమ్ములం దాన్ని అమ్మాలనుకున్నాం. ధర కుదిరింది. రేపు బయానా అనగా, వెనుక కార్ఖానా చాచా మా ఇంటికి వచ్చారు.

"బేటా, కొత్తవాళ్లు గోడ కడితే నా బీములు ఎటునుంచి పోవాలి?" అని అడిగారు.

ఆయన స్థలానికి వెనుక ఒక గల్లీ ఉంది. అందులో మనిషి నడుస్తాడు గాని టెంపో పట్టదు. 1988లో ఆయన దారి అడిగితే, "నడువు భాయ్, నడిస్తే నేల అరుగుతదా?" అన్నారు బాపు. అప్పటినుంచి నూలు బీములు లోపలికి రావడం, నేసిన తాకాలు బయటికి పోవడం అంతా మా జాగాలోంచే. కాగితం లేదు, కిరాయి లేదు.

ముప్పై ఏళ్లు నడిచారు గనక ఆయనకు హక్కు వచ్చేసి ఉంటుందని నేను అనుకున్నాను. బ్యాంకులో తనఖా దస్తావేజులు చూసే ఉద్యోగమే నాది. అయినా అనుమానం తీరక 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం తీసి చదివాను. ఒకరి భూమి సౌకర్యం కోసం మరొకరి భూమిపై ఉండే దారి, నీరు, వెలుతురు వంటి హక్కునే ఈజ్‌మెంట్ అంటారు. మన మరాఠీ ఇరుగుపొరుగు వాడే 'వహివాట్' అన్న మాట దీనికి దగ్గరిదే. ఈ హక్కు మనిషిది కాదు, భూమిది. భూమి చేతులు మారినా దానితోపాటే వెళుతుంది.

హక్కుగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడుకుంటే అది 15వ సెక్షన్ కింద స్థిరపడుతుంది. కాని చాచా నడిచింది హక్కుగా కాదు, అడిగి. చట్టం దృష్టిలో అది లైసెన్సు, అంటే ఉత్త అనుమతి. స్థలం అమ్మితే కొన్నవాడు ఆ అనుమతికి కట్టుబడనక్కరలేదని 59వ సెక్షన్ చెబుతోంది. అడగకుండా నడిచినవాడికి హక్కు వచ్చే వీలుంది, మర్యాదగా అడిగినవాడికి లేదు! ఆయన కోర్టుకెక్కినా, "మా బాపు అనుమతి ఇచ్చారు" అని నేను చెప్పే ఒక్క మాట చాలు ఆయన దావాను బలహీనపరచడానికి. బాపు మంచితనమే ఆయన దారికి అడ్డుగోడ అయ్యేట్టుంది.

"అన్నా, మనం అమ్మి పోతున్నం. వాళ్లూ వాళ్లూ చూసుకుంటరు" అన్నాడు తమ్ముడు. తప్పు పట్టలేను, వాడికి కూతురి పెళ్లి ఉంది. కొనేవారికి విషయం చెబితే మూడు లక్షలు తగ్గించమన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా నిద్రపోలేదు. పొద్దున్నే అమ్మ తేల్చేసింది: "బాపు మాట అమ్ముకునే హక్కు మనకు ఎవరిచ్చిండ్రు?"

కొనేవారికి ఇంకో భయం ఉంది. రేపు వెనుక పెద్ద రోడ్డు పడినా ఈ దారి శాశ్వతంగా ఉండిపోతుందా అని. ఆ భయంలో అర్థముంది. అవసరం వల్ల పుట్టిన దారి అవసరం తీరగానే పోతుంది గాని, రాసి ఇచ్చిన దారి అలా పోదని 2006లో హీరో వినోత్ - శేషమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే షరతు పెట్టుకోవడానికి చట్టమే వీలిచ్చింది. వెనుక టెంపో పట్టే ప్రభుత్వ రోడ్డు వస్తే ఈ హక్కు ముగుస్తుందని రాశాం. దాంతో కొనేవారు రెండు లక్షల తగ్గింపుకు ఒప్పుకున్నారు. నా వాటాలోంచి కొంత ఎక్కువ తగ్గించుకుని తమ్ముడికి సర్దాను.

అమ్మకానికి ముందే చాచా పేర దారి హక్కు పత్రం రిజిస్టరు చేయించి, అమ్మకపు దస్తావేజులో దాన్ని పేర్కొన్నాం. ఇలాంటి అవసరం మీకు వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. దారి వెడల్పు, పొడవు, ఏ వైపు నుంచి ఏ వైపుకు అన్నది నక్షాతో సహా రాయాలి. నడకకా, బండికా అన్నది స్పష్టంగా ఉండాలి. మరమ్మతు ఖర్చు ఎవరిదో తేల్చాలి. వాటాదారులందరూ, అక్కచెల్లెళ్లతో సహా, సంతకం చేయాలి. స్థలం తనఖాలో ఉంటే ముందుగా బ్యాంకు సమ్మతి అడగాలి. వంద రూపాయలు, ఆపైన విలువైన హక్కుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు తప్పదు. వకీలుకు చూపించకుండా ఏదీ చేయకండి.

సెలవులకు ఊరెళ్లి, వారంలో జాగా అమ్మి తిరిగొచ్చే వాళ్లం మనం. ధర అడుగుతాం, హద్దులు చూస్తాం. ఆ హద్దుల్లోంచి ఇన్నేళ్లుగా నడిచేది ఎవరని అడగం. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉండగానే అడిగి, రాయించి పెట్టండి.

రిజిస్ట్రారు ఆఫీసు బయట చాచా నా చేయి పట్టుకుని, "మీ అబ్బా జబాన్ ఇచ్చారు, నువ్వు కాగితం ఇచ్చావు" అన్నారు. ఆ రోజు తగ్గిన రెండు లక్షల గురించి తమ్ముడు మళ్లీ ఎత్తలేదు.