బాణాల పటంలో గ్రామసభ

ఒక పని ఎవరి దగ్గర మొదలై, ఏ మలుపులు తిరిగి, ఎక్కడ తేలుతుందో బొమ్మలో చూపడానికి సాఫ్ట్‌వేర్ రంగంలో యాక్టివిటీ డయాగ్రమ్ వాడతారు. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 1997లో ఆమోదించిన యూఎంఎల్ చిత్రభాషలో ఇదొక భాగం. పెట్టెలు పనులను, బాణాలు వాటి వరసను, డైమండ్లు నిర్ణయాలను, పొడవాటి పట్టీలు బాధ్యులను చూపుతాయి. ప్రమాణంలో ఉన్న గుర్తులన్నీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఉండవు. లేనిచోట గీసేవారు ఏదో ఒక సర్దుబాటు చేసుకోక తప్పదు. దానివల్ల బొమ్మ అందం తగ్గినా ఫర్వాలేదు, పని అర్థం మాత్రం మారకూడదు. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో అటవీ హక్కుల క్లెయిము నడిచే దారిని గీయబోతే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఈ రెండు జిల్లాలూ పూర్తిగా రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతాలు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కు నిర్ణయానికి నాంది పలికే అధికారం గ్రామసభది. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ పొలానికి వెళ్లి పరిశీలిస్తుంది. గ్రామసభ తీర్మానం చేస్తే ఫైలు సబ్‌డివిజన్ కమిటీకి, అక్కణ్నుంచి జిల్లా కమిటీకి వెళుతుంది. చిక్కు పొలం దగ్గరే వస్తుంది. ఆ చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం ఆ పరిశీలన సమయంలో అటవీ, రెవెన్యూ అధికారులు హాజరై సంతకాలు చేయాలి. అంటే ఒకే పనికి ముగ్గురు బాధ్యులు. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం ఒక పెట్టెను ఒక్క పట్టీలోనే పెట్టనిస్తాయి. అటవీ శాఖ పట్టీలో పెడితే పరిశీలన ఆ శాఖ పనైపోతుంది. మూడు పట్టీల్లో మూడు పెట్టెలు గీస్తే ముగ్గురూ వేర్వేరు రోజుల్లో వెళ్లినా చెల్లుతుందన్న అర్థం వస్తుంది. పట్టీతో పని లేకుండా, పెట్టెలో పని పేరు పైన బాధ్యుల పేర్లను బ్రాకెట్లలో రాయడానికి యూఎంఎల్ ప్రమాణమే ఒప్పుకుంటుంది. అక్షరాలు రాయనిచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అది కుదురుతుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు వెనక్కి తిరిగే బాణంతో వస్తుంది. పరిశీలన నాడు మా ప్రతినిధి లేడని అటవీ, రెవెన్యూ శాఖలు తర్వాత అభ్యంతరం చెబితే, అటవీ హక్కుల నియమాల్లోని 12ఏ ప్రకారం క్లెయిము పునఃపరిశీలన కోసం గ్రామసభకు తిరిగి వస్తుంది. రెండోసారీ వాళ్లు రాకపోతే గ్రామసభ నిర్ణయమే అంతిమం. దీన్ని గీసేటప్పుడు చాలామంది తిరుగు బాణాన్ని నేరుగా ‘పరిశీలన’ పెట్టెకే తగిలిస్తారు. 2005 నాటి యూఎంఎల్ 2.0 నుంచి ఈ బొమ్మలు, పని ఎక్కడిదాకా వచ్చిందో చూపే టోకెన్ల లెక్కన నడుస్తాయి. పెట్టెలోకి రెండు బాణాలు వస్తే, రెండింటి మీదా టోకెన్ చేరేదాకా ఆ పని మొదలు కాదు. కొత్త క్లెయిము ముందు బాణం మీదుగా వస్తుంది, తిరుగు బాణం ఖాళీగా ఉంటుంది, కాబట్టి మొదటి పరిశీలనే ఎన్నటికీ జరగదు. రెండు దారులూ ముందు ఒక డైమండులో కలిసి, ఒక్క బాణంగా పెట్టెలోకి రావాలి. ఉత్త గీతల సాఫ్ట్‌వేర్ ఈ తప్పును పట్టదు. రాసిన వాక్యాల నుంచి బొమ్మ గీసే ప్లాంట్‌యూఎంఎల్ లాంటి పరికరాల్లో మరో ఇబ్బంది ఉంది. కొత్త సింటాక్స్‌లో నచ్చిన చోటికి వెనక్కి దూకడం తేలిక కాదు గనక ‘అభ్యంతరం ఉన్నంతకాలం మళ్లీ చెయ్యి’ అనే లూప్ రాసేస్తారు. అధికారులు ఎన్నిసార్లు రాకపోయినా క్లెయిము తిరుగుతూనే ఉంటుంది. చట్టం ఇచ్చింది ఒక్క అవకాశమే. లూప్ మానేసి ‘రెండో పరిశీలన’ను వేరే పెట్టెగా గీసి, దాని నుంచి ‘అధికారులు మళ్లీ రాలేదు’ అన్న షరతుతో ‘నిర్ణయం అంతిమం’ వైపు బాణం వేస్తే బొమ్మ పొడవవుతుంది గానీ నియమం నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పరిమితి ఇక్కడ మంచి గీతకే దారితీసింది.

రాయగడ, కలహండి జిల్లాల్లోని నియమగిరి కొండల్లో గని తవ్వకంపై గ్రామసభల అభిప్రాయం అడిగిన తీరును గీయబోయినా ఇలాంటి ప్రశ్నే వస్తుంది. 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జులై, ఆగస్టుల్లో రాయగడలో 7, కలహండిలో 5 పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. పన్నెండూ గనిని తిరస్కరించాయి. ‘గ్రామసభ అభిప్రాయం’ అని ఒకే పెట్టె గీస్తే పన్నెండు స్వతంత్ర నిర్ణయాలు మాయమవుతాయి. పన్నెండు పెట్టెలు గీస్తే కాగితం చాలదు. యూఎంఎల్‌లో దీనికి ఎక్స్‌పాన్షన్ రీజియన్ అనే గుర్తు ఉంది: చుక్కగీతల చట్రం లోపలి పని జాబితాలోని ప్రతి పల్లెకూ విడివిడిగా జరుగుతుంది. ఆ గుర్తు లేని సాఫ్ట్‌వేర్‌లో ఒక పల్లె పనిని వేరే బొమ్మగా గీసి, ప్రధాన బొమ్మలో ‘ప్రతి పల్లెకూ’ అని రాస్తే చాలు.

బొమ్మ అవగాహన కోసమే, ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. గోడకు తగిలించే బొమ్మకైతే నిజమే. కానీ క్లెయిములు కంప్యూటర్‌లోకి ఎక్కే రోజుల్లో ప్రోగ్రామర్ చూసేది నియమాల పుస్తకాన్ని కాదు, ఆ బొమ్మనే. అందులో లేని దారి తెర మీద బటన్‌గా కూడా ఉండదు. బీపీఎంఎన్ అనే మరో చిత్రభాషకు మారితే సరిపోదా అన్నది ఇంకో మాట. అక్కడా ఒక పని ఒకే పట్టీలో ఉంటుంది. చిక్కు పోదు, పేరు మారుతుంది. మూడో అభ్యంతరానికి బలముంది: పక్కన రాసే వివరణలను ఎవరూ చదవరు, సాఫ్ట్‌వేర్ వాటిని నడపదు. అందుకే గడువులు, మినహాయింపులు నోట్‌లో దాక్కోకూడదు. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరం చెప్పడానికి ఉన్న 60 రోజులకు ఇసుకగడియారం గుర్తుంది; అది దొరకనప్పుడు ‘60 రోజులు దాటాయా’ అని డైమండే గీయాలి. అసంపూర్ణ తీర్మానాన్ని సబ్‌డివిజన్ కమిటీ గానీ జిల్లా కమిటీ గానీ తిరస్కరించకూడదు, గ్రామసభకు తిప్పి పంపాలి అన్న నియమానికీ నోట్ చాలదు. కమిటీ డైమండు నుంచి తిరస్కరణ వైపు వెళ్లే బాణం మీద ‘తీర్మానం సంపూర్ణం’ అన్న షరతు రాసి ఉండాలి.