మేనరికానికి ముందు ఒక్క రక్తపరీక్ష

పుంగనూరు ఆవును చూసినవాళ్లకు వంశపారంపర్యం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తల్లి పొట్టి, దూడా పొట్టే. ఒకే మందలో తరతరాలుగా జత కలుపుతూ వస్తే ఆ గుణం అలా నిలిచిపోతుంది. మనుషుల్లోనూ అంతే. ముక్కు, రంగు, ఎత్తుతో పాటు కంటికి కనిపించనివీ కొన్ని దిగుతాయి. రక్తంలో లోపాలు, బీపీ అలాంటివే. కానీ ఈ రెండూ దిగే తీరు ఒకటి కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క పెళ్లిమాటలు మొదలైతే ముందు వినిపించేది ఒకటే. ‘‘అక్క కూతురుండంగా బయట పిల్లెందుకు?’’ ఆస్తి చెదరదు, పిల్ల కళ్లెదుటే ఉంటుంది, కట్నం పేచీ తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. కుప్పానికి అటూ ఇటూ ఉన్న తమిళనాడు, కర్ణాటకల్లోనూ ఇదే తీరు.

ఆఫ్రికా జబ్బు కాదు

1910లో చికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు ఓ విద్యార్థి రక్తంలో కొడవలిలా వంగిన ఎర్రకణాల గురించి రాశారు. ఆ విద్యార్థి కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన నల్లజాతి యువకుడు. దాంతో సికిల్ సెల్ అంటే ఆఫ్రికా వాళ్ల జబ్బని లోకం చాలాకాలం అనుకుంది. 1952లో మన నీలగిరి గిరిజనుల్లోనూ అది బయటపడింది.

ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి నీలగిరి! రెంటినీ కలిపేది మలేరియా. ఈ జన్యువు ఒక్క పాలు ఉన్నవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేదని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించారు. అందుకే మలేరియా పీడించిన చోట్ల ఇది నిలిచిపోయింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు పాళ్లూ వస్తేనే జబ్బు. మన పాడేరు, అరకు ఏజెన్సీలోనూ ఇది ఉంది. 2047 నాటికి దీన్ని తుదముట్టించాలని కేంద్రం 2023 జులై 1న ఓ పథకం మొదలుపెట్టింది.

మన మైదాన ఊళ్లల్లో ముందు చూసుకోవాల్సింది దీని చుట్టమైన తలసేమియాను. అదీ మలేరియా మిగిల్చిన ఆస్తే.

ఇద్దరూ బాగున్నారు, బిడ్డకెందుకు?

తలసేమియా జన్యువు ఒక్క పాలే ఉన్నవాళ్లను వాహకులంటారు. వాళ్లు గట్టిగానే ఉంటారు, సేద్యం చేస్తారు, టమోటా గంపలు మోస్తారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక తక్కినోళ్లకు రాదులే’ అనుకోవడానికి లేదు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే.

జబ్బు బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోతుంది, ఎదగదు. ఆపైన రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఇనుము పేరుకుని గుండె, కాలేయం దెబ్బతినకుండా రోజూ మందు వాడాలి. ఇదంతా జీవితాంతం. కూలి మానుకుని నెలనెలా బిడ్డతో ఆస్పత్రికి తిరిగే ఇంటి సంగతి ఊహించుకోండి.

మేనరికం ఈ జన్యువును పుట్టించదు. ఒకే తాత దగ్గర్నుంచి వచ్చిన రెండు పాళ్లూ ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని పెంచుతుంది, అంతే. మామ వాహకుడైతే అక్క కూతురికీ అదే జన్యువు ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ కూతురికో, మేనత్త కూతురికో అయితే ఎనిమిదింట ఒకటి.

తెలుసుకోవడం ఎలా? ముందు మామూలు రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా, ఎర్రకణాలు మరీ చిన్నవిగా ఉంటే అనుమానించాలి. చాలామంది దీన్ని ఇనుము లోపమనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగుతారు. తేల్చేది హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష. జన్మలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.

బీపీ లెక్క వేరు

బీపీ ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. వందలాది జన్యువులు తలా కాస్త తోస్తాయి, తక్కిన పని ఉప్పు, బరువు, బతుకుతీరు చేస్తాయి. దీనికీ ఆఫ్రికా వాళ్ల కథే సాక్ష్యం. ఒకే మూలం నుంచి వచ్చిన జనాన్ని మూడు చోట్ల పరీక్షించి రిచర్డ్ కూపర్ బృందం 1997లో ఫలితాలు ప్రకటించింది. పశ్చిమ ఆఫ్రికాలో బీపీ తక్కువ, కరీబియన్ దీవుల్లో ఎక్కువ, చికాగో దగ్గర ఆఫ్రికాలో కంటే దాదాపు రెట్టింపు. వంశం అదే, మారింది బతుకు.

అలాగని వంశాన్ని కొట్టిపారేయలేం. నిద్రజబ్బు నుంచి కాపాడే ఏపీఓఎల్1 జన్యు మార్పులు రెండు పాళ్లూ ఉన్న ఆఫ్రికా సంతతి వాళ్లకు కిడ్నీ జబ్బు ముప్పు ఎక్కువని 2010లో తేలింది. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది. మనకూ ఓ ముప్పుంది. గుండె కండరాన్ని బలహీనపరిచే ఓ జన్యు లోపం భారతీయుల్లో సుమారు నూటికి నలుగురిలో ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం చెప్పింది.

‘నాయనకు బీపీ ఉంది, నాకూ వస్తుందిలే’ అని ఊరుకోవద్దు. అమ్మానాన్నల్లో ఎవరికున్నా ముప్పై దాటగానే ఏడాదికోసారి చూపించుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఊరగాయ, అప్పడం, చెనక్కాయల పొడిలోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే.

నింద ఎవరిమీద?

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి వెలిసి వందేళ్లు దాటింది. ఒకప్పుడు క్షయను ఇంటి జబ్బని దాచేవాళ్లు, ఆ ఇంటితో సంబంధాలు కలుపుకునేవాళ్లు కాదు. ఆ భయమే ఇప్పుడు రక్తపరీక్షకూ అడ్డం పడుతోంది. ‘బయటపడితే పిల్లకు పెళ్లి కాదు’ అన్న బెంగ. నిజానికి వాహకులు ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చు, అవతలివాళ్లు వాహకులు కాకపోతే చాలు. అబ్బాయిది ముందు చేయించండి. అతను వాహకుడు కాదని తేలితే అమ్మాయికి ఆ తిప్పలే ఉండదు.

మేనరికం ఇప్పటికే జరిగిపోయి ఉంటే, గర్భం అని తెలియగానే డాక్టరుకు ఆ మాట చెప్పండి. ఇద్దరూ వాహకులని తేలితే, కడుపులో బిడ్డ సంగతి 10-12 వారాల మధ్య పరీక్షతో తెలుసుకోవచ్చు. ఆలస్యం చేస్తే దారులు తగ్గిపోతాయి. బిడ్డకు జబ్బొస్తే కోడలిని ఆడిపోసుకోవడం మన ఇళ్లల్లో మామూలు. అందులో ఒక పాలు ఆమెది, రెండో పాలు మీ అబ్బాయిదే.