నీరసానికి గుడారం మందు కాదు, రక్తపరీక్ష ముఖ్యం

వారం సంతలో చెట్టు కింద గుడారం. ముందు వరసగా సీసాల్లో వేళ్లు, బెరళ్లు, భస్మాలు. పోయిన బలం నలభై రోజుల్లో తిరిగి వస్తుందని మైకులో ప్రచారం. నలభై అయిదేళ్ల రైతు ఒకరు అటూ ఇటూ చూసి లోపలికి వెళ్లారు. వేరుశనగ అమ్మిన డబ్బులో సగం అక్కడే పోసి వచ్చారు. నీరసం తగ్గలేదు. నాలుగు నెలల తర్వాత ప్రభుత్వాసుపత్రికి వెళితే చక్కెర వ్యాధి ఉన్నట్లు తేలింది. ఇంట్లో ఆడమనిషికి కూడా చెప్పుకోలేక ఇన్నాళ్లూ కుమిలిపోయానని ఆయన వాపోయారు.

మగవారి వృషణాల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను తయారవుతుంది. కండబలం, ఎముకల గట్టిదనం, గడ్డం మీసాలు, దాంపత్య వాంఛ, వీర్యకణాల ఉత్పత్తి దీనిపై ఆధారపడి ఉంటాయి. వయసుతో పాటు ఇది మెల్లగా తగ్గడం సహజం. మరీ తగ్గితే కోరిక సన్నగిల్లడం, అలసట, కండ కరగడం, దిగులు కనిపిస్తాయి. ఊబకాయం, చక్కెర వ్యాధి, అతిగా తాగుడు, గవదబిళ్లలు వృషణాలకు సోకడం, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం ఇందుకు కారణాలు కావచ్చు.

అయితే ప్రతి నీరసమూ హార్మోను లోపం కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, అప్పుల బెంగ ఉన్నా ఇలాగే ఉంటుంది. అందుకే పరీక్ష అవసరం. ఉదయం పూట పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు రక్తం పరీక్షించాలి. లక్షణాలు ఉండి, రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్లు వైద్యులు సాధారణంగా భావిస్తారు.

బరువు తగ్గడం, చక్కెరను అదుపులో ఉంచుకోవడం, తాగుడు మానడం, కంటినిండా నిద్ర పోవడం వల్ల చాలామందికి మేలు జరుగుతుంది. అవసరమైతే ఇంజెక్షన్లు, జెల్ ఉన్నాయి. వీటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. రక్తం చిక్కబడుతోందేమో మధ్యమధ్య చూపించుకోవాలి. వీటివల్ల వీర్యకణాలు తగ్గిపోతాయి కనుక పిల్లలు కావాలనుకునేవారు వాడరాదు. ప్రొస్టేట్ కేన్సరు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు.

లైంగిక పటుత్వం పెంచుతామంటూ మందులకు ప్రకటనలు చేయడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అయినా గోడల మీద రాతలు, లాడ్జీల్లో మకాములు ఆగలేదు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉండి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పైరుకు తెగులు వస్తే ఆకు తెంపుకుని వ్యవసాయాధికారికి చూపిస్తాం. సొంత ఒంటి విషయంలో సిగ్గుపడడం ఎందుకు? ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చక్కెర, రక్తపోటు, రక్తహీనత పరీక్షలు చేయించుకోవాలి.