7 వాట్ల సెట్టుతో ఏ వాల్వు నడుస్తుంది? ఎందుకు? ఎలా?

ప్రశ్న: మాది భిలాయి. హామ్ లైసెన్సు ఉంది. 7 వాట్లిచ్చే బిట్ఎక్స్ సెట్టు ఉంది. దానికి తోడుగా వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి సొంతంగా కట్టాలని కోరిక. రెండు 807 వాల్వులు, ఒక 811ఏ దొరికాయి. ఏది వాడాలి? 7 వాట్ల డ్రైవ్ సరిపోతుందా?

జవాబు: 807కు మీ 7 వాట్లు ఎక్కువే. 811ఏకు చాలవు. రెండూ వాల్వులే అయినా ఈ తేడా ఎందుకో తెలిస్తే, ఇకముందు ఏ వాల్వు దొరికినా లెక్క మీరే వేసుకోగలరు.

మీ కోరిక సబబైనదే. భిలాయి నుంచి విశాఖకు గాలిదారిన సుమారు 430 కిలోమీటర్లు, హైదరాబాదుకు 500 పైచిలుకు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండు చక్కగా పలికే దూరాలివి. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ 2003లో బిట్ఎక్స్‌ను రూపొందించిందే, మామూలుగా బజారులో దొరికే విడిభాగాలతో ఎవరైనా సెట్టు కట్టుకోగలగాలని. ఆ సెట్టుకు ఆంప్లిఫయర్ కట్టడం అదే దారిలో తర్వాతి మెట్టు.

వాల్వుకు కావలసింది వాట్లా, వోల్టులా?

సిగ్నల్ ఎక్కడ ఇస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. 807 లాంటి బీమ్ టెట్రోడ్‌లో సిగ్నల్‌ను కంట్రోల్ గ్రిడ్‌కు ఇస్తాం. ఏబీ1 పద్ధతిలో గ్రిడ్ ఎప్పుడూ కేథోడ్ కంటే నెగెటివ్‌గానే ఉంటుంది కాబట్టి అందులో కరెంటు పారదు. కరెంటు లేనిచోట వాట్ల ఖర్చు లేదు. కొళాయి తిప్పడానికి పట్టే బలానికీ, అందులోంచి వచ్చే నీటికీ సంబంధం లేనట్టే ఇది. కావలసిందల్లా గ్రిడ్‌ను పైకీ కిందికీ ఊపే వోల్టేజి.

ఎంత వోల్టేజి? బయాస్ ఎంతో అంత. ప్లేటుకు 600, స్క్రీన్‌కు 300 వోల్టులిస్తే 807కు బయాస్ మైనస్ 30 దరిదాపుల్లో ఉంటుంది. అంటే సిగ్నల్ శిఖరం 30 వోల్టులు దాటకూడదు.

మరి 7 వాట్లను 807కు ఇవ్వడం ఎలా?

సెట్టుకు 50 ఓంల లోడు కనబడాలి. గ్రిడ్ లోడు కాదు కాబట్టి, గ్రిడ్ దగ్గర ఒక రెసిస్టరు పెట్టి సిగ్నల్‌ను దానికి అప్పగించాలి. నేరుగా 50 ఓంలు పెడితే 7 వాట్లకు వచ్చే శిఖరం 26 వోల్టులే. కొద్దిలో తగ్గింది. టొరాయిడ్ మీద ఒకటికి రెండు చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, గ్రిడ్ వైపు 200 ఓంలు పెడితే అదే 7 వాట్లకు 53 వోల్టులొస్తాయి. ఇది మరీ ఎక్కువ. 200 ఓంల మీద 30 వోల్టుల శిఖరానికి రెండుంబావు వాట్లు చాలు.

మిగతాది ఏం చేయాలి? సెట్టుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య 5 డెసిబెల్ ప్యాడ్ పెట్టండి. 7 వాట్లు 2.2 వాట్లవుతాయి, తక్కిన 4.8 వాట్లు ప్యాడ్‌లో వేడిగా పోతాయి. ఇది వృథా కాదు. అవతల ఏ మార్పు జరిగినా సెట్టుకు 50 ఓంలకు దగ్గర్లోనే లోడు కనబడుతుంది, దాని ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టరు క్షేమంగా ఉంటుంది.

200 ఓంల కోసం 2 వాట్ల 1 కిలోఓం కార్బన్ రెసిస్టర్లు ఐదు సమాంతరంగా కలపండి. తీగ చుట్టిన రెసిస్టర్లు వద్దు, అవి ఈ ఫ్రీక్వెన్సీలో కాయిల్‌లా పనిచేస్తాయి.

811ఏకు ఎందుకు చాలవు?

811ఏ ట్రయోడ్. దాన్ని సాధారణంగా గ్రిడ్ గ్రౌండ్ చేసి, సిగ్నల్‌ను ఫిలమెంటుకు ఇచ్చి వాడతారు. ప్లేటు కరెంటంతా డ్రైవర్ గుండానే పారాలి, పైగా గ్రిడ్ కూడా కరెంటు తాగుతుంది. అందుకే ఒక్కో వాల్వుకు 15-20 వాట్ల డ్రైవ్ కావాలి. అందులో చాలా భాగం ఔట్‌పుట్‌లో కలిసి యాంటెన్నాకే చేరుతుంది. కాలిన్స్ 30ఎల్-1లో నాలుగు 811ఏలను పక్కపక్కన పెట్టారు. వెనక 100 వాట్ల తరగతి సెట్టు ఉన్నవారికి అది చక్కని అమరిక. 7 వాట్లతో మాత్రం 811ఏ సగం నిద్రలోనే ఉంటుంది.

ఇంకో తేడా చూడండి. గ్రిడ్ గ్రౌండ్ చేసిన పద్ధతిలో వాల్వుల సంఖ్య రెట్టింపు చేస్తే డ్రైవ్ కూడా రెట్టింపు కావాలి. ఏబీ1లో రెండో 807ను పక్కన చేర్చినా అదే రెండుంబావు వాట్లు. గ్రిడ్ కెపాసిటెన్సు మాత్రం 12 నుంచి 24 పికోఫారడ్‌లకు పెరుగుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 28 దగ్గర అది 200 ఓంలకు దీటుగా వచ్చి డ్రైవ్‌ను తినేస్తుంది.

డ్రైవ్ ఎక్కువైతే ఏమిటి? తక్కువైతే ఏమిటి?

ఎక్కువైతే శిఖరాలు తెగి, మీ మాట పక్క ఫ్రీక్వెన్సీల మీద చిందుతుంది. బ్యాండు అందరిదీ, మన చిందులు పక్కవాడి సంభాషణను పాడుచేస్తాయి. ఏబీ1లో తక్కువైతే నష్టం లేదు, ఔట్‌పుట్ తగ్గుతుందంతే. మోర్స్ కోసం వాడే క్లాస్ సి వేరు. అక్కడ గ్రిడ్ లీక్ రెసిస్టరు మీద డ్రైవే బయాస్‌ను పుట్టిస్తుంది. డ్రైవ్ ఆగితే బయాస్ పోతుంది, ప్లేటు ఎర్రబడి వాల్వు చేతికి రాకుండా పోతుంది. అందుకే క్లాస్ సి కట్టేవారు కొంత స్థిర బయాస్ తప్పక పెట్టాలి.

డ్రైవ్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్లేటు, స్క్రీన్ సప్లైలు రెండూ ఆపి, ఫిలమెంటు వెలిగించి, బయాస్ ఇవ్వండి. బయాస్ దారిలో మిల్లీఆమీటరు పెట్టి డ్రైవ్ మెల్లగా పెంచండి. శిఖరం బయాస్‌ను దాటగానే గ్రిడ్ డయోడ్‌లా పనిచేసి ముల్లు కదులుతుంది. అక్కడి నుంచి కొద్దిగా తగ్గిస్తే అదే మీ హద్దు. ఆ తర్వాతే డమ్మీ లోడు తగిలించి హై వోల్టేజి ఇవ్వండి. ప్లేటుకు వోల్టేజి లేకుండా స్క్రీన్‌కు ఒక్కదానికే ఇవ్వకండి, ఎలక్ట్రాన్లన్నీ స్క్రీన్ మీద పడి దాన్ని కాల్చేస్తాయి.

ఇంతా చేస్తే దక్కేదెంత?

ఒక 807తో 25-30 వాట్లు. అవతలివారి మీటరు మీద ఇది ఒక ఎస్ యూనిట్ లాభం. రెండో 807 ఇంకో అర యూనిట్ ఇస్తుంది. నడివేసవి ఉరుముల చప్పుడులో మాట అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

కాబట్టి 807లతో మొదలుపెట్టండి, 811ఏను దాచుకోండి. లైసెన్సులోని వాట్ల హద్దు దాటకండి. 600 వోల్టుల సప్లై ఆపాక కూడా కెపాసిటర్లు ప్రాణం తీయగలవు. ప్లగ్గు పీకి, బ్లీడర్ రెసిస్టరు పని ముగించేదాకా ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.