బాక్టీరియా డీఎన్ఏను మన శరీరం ఎలా గుర్తిస్తుంది?

నూర్పిడి సమయంలోను, గోదాములలో ధాన్యం ఎత్తిపోసేటప్పుడు లేచే దుమ్ములో గడ్డి నుసి, శిలీంధ్ర బీజాలతో పాటు బాక్టీరియాల శకలాలు కూడా ఉంటాయి. ధాన్యం బాగా ఎండి, బాక్టీరియాలు చనిపోతే ఇక హాని లేదని భావించడం కద్దు. కాని మన సహజ రోగనిరోధక వ్యవస్థ బాక్టీరియా ప్రాణంతో ఉన్నదా లేదా అన్నది మాత్రమే చూడదు. దాని అణువులలోని గుర్తులను కూడా చూస్తుంది. అటువంటి గుర్తులలో డీఎన్ఏ ఒకటి.

గుర్తు ఏమిటి?

జీవులన్నింటి డీఎన్ఏ నాలుగు క్షారాలతోనే నిర్మితమైనది. తేడా వాటి అమరికలో ఉన్నది. ఒకే పోగులో సైటోసిన్ పక్కన గ్వానిన్ వచ్చే జంటను 'సీపీజీ' అంటారు. క్షారాలు యాదృచ్ఛికంగా అమరితే ప్రతి 16 జంటలలో ఒకటి ఇటువంటిది కావాలి. అనేక బాక్టీరియాలలో ఇంచుమించు ఇదే స్థాయి కనిపిస్తుంది. మానవ డీఎన్ఏలో ఇవి అందులో నాలుగోవంతుకు మించవు. పైగా వాటిలో 70-80 శాతం మిథైల్ సమూహాన్ని ధరించి ఉంటాయి. బాక్టీరియాల సీపీజీ జంటలకు సాధారణంగా ఈ ముసుగు ఉండదు.

1984లో జపాన్‌లో టోకునాగ బృందం బీసీజీ బాక్టీరియా నుండి వేరుచేసిన డీఎన్ఏకు రోగనిరోధక కణాలను ఉత్తేజపరచే గుణం ఉన్నదని చూపింది. ఆ గుణానికి మూలం మిథైల్ లేని సీపీజీ జంటలేనని 1995లో ఆర్థర్ క్రీగ్ బృందం నిరూపించింది. వాటిని గుర్తించే గ్రాహకం టీఎల్ఆర్-9 అని 2000లో షిజువో అకిరా బృందం వెల్లడించింది.

స్పందన క్రమం

టీఎల్ఆర్-9 కణం ఉపరితలంపై కాక, ఎండోసోమ్ అనే లోపలి సంచిలో ఉంటుంది. కణం మింగిన బాక్టీరియా అక్కడ విచ్ఛిన్నమైనప్పుడు బయటపడిన డీఎన్ఏ ఈ గ్రాహకానికి తగులుకొంటుంది. మానవులలో బి-కణాలు, ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు దీనిని ప్రధానంగా కలిగి ఉంటాయి. మైడ్-88 ప్రోటీన్ ద్వారా సంకేతం కేంద్రకానికి చేరి, ఇంటర్‌ఫెరాన్లు, సైటోకైన్లు ఉత్పత్తి అవుతాయి. స్వంత డీఎన్ఏ సాధారణంగా ఈ సంచికి చేరదు. ఈ కట్టుబాటు తప్పినప్పుడు లూపస్ వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులకు దోహదం కలుగుతుంది.

ఉపయోగం, హెచ్చరిక

ఈ స్పందననే టీకాల శక్తి పెంచడానికి వినియోగిస్తున్నారు. హైదరాబాదులోని బయలాజికల్-ఇ సంస్థ తయారుచేసిన కార్బెవాక్స్ కోవిడ్ టీకాలో సీపీజీ-1018 అనే కృత్రిమ డీఎన్ఏ ముక్క సహాయకంగా ఉన్నది.

అదే స్పందన ఊపిరితిత్తులలో జరిగితే హానికరం. చిట్టెలుకల శ్వాసనాళాలలోకి బాక్టీరియా డీఎన్ఏను పంపిన ప్రయోగాలలో శోథ, అనగా మంటతో కూడిన వాపు ఏర్పడింది. ధాన్యపు దుమ్ములో ఎండోటాక్సిన్ వంటి మరింత బలమైన ప్రేరకాలు కూడా ఉన్నందున దోషమంతా డీఎన్ఏకే ఆపాదించరాదు. అయితే ఎండబెట్టడం బాక్టీరియాను చంపినా ఈ శకలాలను తొలగించలేదు. కాబట్టి నూర్పిడి, గోదాము పనులలో గాలి వెలుతురు ఉండేలా చూసుకొని, ముక్కు, నోటికి బిగువుగా అమరే ఎన్-95 మాస్కు ధరించవలసినదిగా విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు, కూలీలకు తెలియజేయాలి.