సున్నా వస్తేనే పాస్



పరీక్షలో సున్నా వస్తే ఫెయిల్ అంటారు కదా. కంప్యూటర్ షెల్ దగ్గర మాత్రం సున్నా వస్తేనే పాస్. ఆ సంగతి తెలియక నేను ఒక పెద్ద తప్పు చేసిన. మీరు చేయకూడదని రాస్తున్నాను.

షెల్ అంటే మనం కొట్టిన కమాండును చదివి పని చేయించే ప్రోగ్రాం. మన ల్యాబులో ఉన్నవి లినక్సు కంప్యూటర్లు. వాటిలో షెల్ పేరు బాష్. బ్రయాన్ ఫాక్స్ అనే ఆయన రాసిన ఈ ప్రోగ్రాం 1989లో వచ్చింది. కమాండ్లు ఇంగ్లీషులోనే కొట్టాలి. పలకడం తెలియాలని ఇక్కడ తెలుగులో రాసిన.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా అవ్వ చెప్పే కోయ మాటలు తెలుగు అక్షరాల్లో టైపు చేసి 'మాటలు' అనే ఫోల్డరులో దాచుకుంటున్నా. రోజూ కూర్చోగానే నాలుగు పనులు చేయాలి. ఒకటి, కీబోర్డును తెలుగుకు మార్చాలి. రెండు, ఎక్స్‌పోర్ట్ కమాండుతో నా ఎడిటర్ నానో అని చెప్పాలి. మూడు, సీడీ కొట్టి 'పాతవి' ఫోల్డరులోకి పోవాలి. నాలుగు, ఆర్‌ఎం పక్కన నక్షత్రం గుర్తు పెట్టి అక్కడి పాత కాపీలు తుడిచేయాలి.

రోజూ కొట్టలేక నాలుగూ నాలుగు లైన్లుగా ఒక ఫైలులో రాసిన. దీన్నే స్క్రిప్టు అంటారు. బాష్ అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇస్తే పైనుంచి కిందికి వరసగా అన్నీ నడుస్తాయి. ఎంత సంతోషమయిందో!

ఒకరోజు స్నేహితురాలు 'పాతవి' ఫోల్డరు పేరు మార్చింది. నాకు తెలియదు. స్క్రిప్టు నడిపిన. సీడీకి ఫోల్డరు దొరకలేదు. లేదని ఒక లైను చూపించి షెల్ ఆగకుండా కింది లైనుకు పోయింది. నేను ఉన్నది 'మాటలు' ఫోల్డరులో. ఆర్‌ఎం అక్కడున్న ఫైళ్ళన్నీ తుడిచేసింది. స్క్రిప్టు కూడా అందులోనే ఉంది, అదీ పోయింది! ఆర్‌ఎం తుడిచింది చెత్తబుట్టలోకి పోదు. వెతికినా దొరకలేదు.

సార్ కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పారు. ప్రతి కమాండు పని అయ్యాక ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే పని జరిగినట్టు. వేరే అంకె అయితే జరగనట్టు. మనం చెప్పకపోతే షెల్ ఆ అంకెను పట్టించుకోదు. అందుకని:

1. రెండు కమాండ్ల మధ్య సెమికోలన్ పెడితే మొదటిది తప్పినా రెండోది నడుస్తుంది.

2. మధ్యలో 'అండ్' గుర్తు రెండుసార్లు పెడితే మొదటిది సున్నా ఇస్తేనే రెండోది నడుస్తుంది. సీడీకి, ఆర్‌ఎంకి మధ్య నేను పెట్టాల్సింది ఇదే.

3. స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ ఇ అని రాస్తే, మామూలుగా తప్పిన చోటే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. స్క్రిప్టు అయ్యాక కీబోర్డు తెలుగులోనే ఉండేది కానీ ఎడిటర్ సంగతి షెల్ మరిచిపోయేది. ఎందుకంటే స్క్రిప్టును నడిపేది ఒక పిల్ల షెల్. ఎక్స్‌పోర్ట్ చేసింది అది తన పలక మీద రాసుకుని, పని అవగానే పలకతో సహా వెళ్ళిపోతుంది. కీబోర్డు మార్పు తెర మొత్తానికి చెందింది కాబట్టి నిలుస్తుంది. ఎక్స్‌పోర్ట్ కూడా నిలవాలంటే బాష్ బదులు సోర్స్ అని కొట్టాలి. అప్పుడు మన షెల్లే ఆ లైన్లు చదువుకుంటుంది. కానీ అందులో సెట్ మైనస్ ఇ పెట్టకండి. ఏదైనా తప్పితే మన టెర్మినలే మూసుకుపోతుంది.

నోటుబుక్కులో ఉన్న మాటలు మళ్ళీ టైపు చేసిన. ఫోనులో విని నేరుగా టైపు చేసినవి మాత్రం పోయినయ్. దసరా సెలవుల్లో అవ్వ పక్కన కూర్చుని మళ్ళీ అడగాలి. ఈసారి ముందు నోటుబుక్కులో రాస్తా, తర్వాతే కంప్యూటర్లో.

తుడిచే కమాండు రాసే ముందు ఎక్కడున్నామో చూసుకోండి చెల్లెళ్ళారా.

ఇట్లు,
మీ అక్క, 9వ తరగతి